పెట్ క్లినిక్ పెట్టాలంటే షట్టరా, పాత ఇల్లా, సొంత స్థలమా?

అద్దెకు బిల్డింగ్ చూడటానికి వెళ్లేటప్పుడు నా జేబులో ఒక గోలీ ఉంటుంది. ఓనరు గారు తూర్పు ఫేసింగ్ గురించి, రోడ్డు వెడల్పు గురించి చెబుతూ ఉంటే నేను గోలీని గది మధ్యలో నేల మీద వదులుతాను. అది బాత్రూమ్‌లోని నీళ్లు దిగే జాలీ కన్నం, అంటే నహానీ వైపు దొర్లితే సంతోషం. వీధి గుమ్మం వైపు దొర్లిందంటే, రేపు నేను కడిగే నీళ్లన్నీ జనం కూర్చునే చోటుకే వస్తాయన్నమాట. ఆ తర్వాత ఒక బకెట్ నీళ్లు అడిగి నహానీలో పోసి, అవి లోపలికి దిగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాను. ఓనర్లు నన్ను కాస్త వింతగానే చూస్తారు. మొదటి క్లినిక్ తీసుకున్నప్పుడు ఈ పని చేయలేదు. అందుకే ఇప్పుడు వదలకుండా చేస్తున్నాను.

విజయవాడ దగ్గరి గన్నవరం వెటర్నరీ కాలేజీ నుంచి బయటికొచ్చిన జూనియర్లు ఏటా ఒకరిద్దరు ఫోన్ చేస్తారు. ఈ ఏడాది ఒకతను ఇలా అడిగాడు. "సార్, ఏలూరు రోడ్డు మీద షట్టర్ దొరికింది. కానూరులో ఒక పాత ఇల్లు కూడా చూశాను. మా మామగారికి పోరంకిలో రెండు వందల గజాల స్థలం ఉంది. ఏది మంచిదంటారు?" ఇంటీరియర్ వాళ్లు గీసిచ్చిన త్రీడీ బొమ్మలు కూడా వాట్సాప్‌లో పంపుతారు. రిసెప్షన్ వెనక ఆకుపచ్చ గోడ, దాని మీద కుక్కపిల్ల బొమ్మ, పైనుంచి వేలాడే లైట్లు, అన్నీ ఉంటాయి. నహానీ మాత్రం ఎక్కడా కనిపించదు.

మా వృత్తిలో క్లినిక్ అంటే రోజుకు పదిసార్లు కడగాల్సిన చోటు. మూత్రం, వాంతి, రక్త విరేచనాలు, గుప్పెళ్ల కొద్దీ వెంట్రుకలు. మనుషుల క్లినిక్‌లో ఇవన్నీ బాత్రూమ్ దాటి రావు. మా దగ్గర కన్సల్టింగ్ టేబుల్ కిందే ఉంటాయి. అందుకే ఏ బిల్డింగ్ చూసినా ముందు నీళ్లు ఎటు పోతాయో చూస్తాను, ఆ తర్వాత జబ్బు కుక్క ఎటు నుంచి లోపలికి వస్తుందో చూస్తాను. అద్దె, ఫేసింగ్, బోర్డు సైజు, అన్నీ ఆ తర్వాతే.

షట్టర్

నా మొదటి క్లినిక్ షట్టర్‌లోనే. పదడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు, ముందు గ్లాసు తలుపు, వెనక గోడ. దీనికి ఉన్న లాభం చిన్నది కాదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు బోర్డు కనిపిస్తుంది, మొదటి నెల నుంచే జనం వస్తారు. వ్యాక్సిన్లు, చర్మం జబ్బులు, చెవి కడగడం, నట్టల మందు, ఇంతవరకే చేస్తానంటే షట్టర్ చాలు. రెండేళ్లు అలా చేసి పేరు తెచ్చుకుని తర్వాత మారడంలో తప్పేమీ లేదు.

కష్టం ఎక్కడంటే, ఒకటే తలుపు. పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ అంటుజబ్బు) పట్టిన కుక్కపిల్ల, మొదటి టీకాకి వచ్చిన నలభై ఐదు రోజుల కుక్కపిల్ల ఒకే గుమ్మంలోంచి వస్తాయి, ఒకే చాప మీద కూర్చుంటాయి. పార్వో వైరస్‌ను గుర్తించింది 1978లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా దానితో వచ్చే చిక్కు ఒకటే, నేల మీద పడితే నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌తో తుడిస్తే వాసన మారుతుంది గానీ వైరస్ పోదు. ముందు మలం పూర్తిగా కడిగేసి, 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్) ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, 10 నిమిషాలు నేలను తడిగా ఉంచాలి. ముప్పై అడుగుల గదిలో, ఎదురుగా ఆరుగురు కుర్చీల్లో కూర్చుని ఉండగా ఆ 10 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకోటి. ఒక సాయంత్రం ఏడు గంటలప్పుడు ఎవరో గ్లాసు తలుపు తీశారు. ఇంజక్షన్ కోసం కాలర్ విప్పిన బీగిల్ వాళ్ల కాళ్ల సందులోంచి రోడ్డు మీదికి దూసుకుపోయింది. నేను గ్లౌజులతోనే వెనక పరిగెత్తాను. ఒక ఆటో డ్రైవరు బండి అడ్డం పెట్టి ఆపాడు కాబట్టి సరిపోయింది. మర్నాడే కార్పెంటర్ని పిలిచి, తలుపుకి నాలుగడుగుల లోపల నడుం ఎత్తు గేటు పెట్టించాను. మీరు ఏ బిల్డింగ్ తీసుకున్నా సరే, వీధికీ జంతువుకీ మధ్య రెండు తలుపులు ఉండాలి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి.

కాంప్లెక్సుల్లో మొదటి అంతస్తు తక్కువ అద్దెకి వస్తుంది. ఆపరేషన్ అయిన నలభై కిలోల లాబ్రడార్‌ని లిఫ్టులో దించడం, ఆ లిఫ్టులోనే పైన ట్యూషన్‌కి వెళ్లే పిల్లలు ఎక్కడం ఊహించుకుంటే ఆ అద్దె ఎందుకు తక్కువో మీకే అర్థమవుతుంది.

పాత ఇల్లు

ఇప్పుడు నేనున్నది పాత డాబా ఇంట్లో. మొగల్రాజపురం, పటమట, గుంటూరు వైపు బ్రాడీపేట, లక్ష్మీపురం లాంటి చోట్ల ఇలాంటి ఇళ్లు ఇంకా అద్దెకు దొరుకుతాయి. మా అవసరానికి వీటిలో ఉన్న అసలు గుణం పెరటి గుమ్మం. వాంతులు, విరేచనాలు, దగ్గు అని ఫోన్‌లో చెప్పగానే "ముందు గుమ్మం ఎక్కకండి, పక్క సందులోంచి వెనక్కి రండి" అంటాం. పెరటి గది ఐసోలేషన్. దానికి వేరే చెప్పులు, వేరే బకెట్, వేరే చీపురు. పాతకాలపు పెద్దవాళ్లు పెరటి గుమ్మం ఎందుకు పెట్టారో గానీ మాకు మాత్రం అచ్చొచ్చింది.

వంటగది ట్రీట్‌మెంట్ రూమ్ అయింది. గట్టు ఉంది, సింకు ఉంది, ఎగ్జాస్ట్ ఉంది, నీళ్లు బయటికి వెళ్లే దారీ ఉంది. బాత్రూమ్ గ్రూమింగ్‌కి. చిన్న పూజగదిలో కిటికీ లేదు, ఎండ రాదు. అక్కడ వ్యాక్సిన్ ఫ్రిజ్ పెట్టాను. ఓనరు గారి అమ్మగారు ఒకరోజు వచ్చి పూజగదిలో ఏం పెట్టారని అడిగారు. పిల్లల టీకాలు పెట్టామండీ అన్నాను. ఆవిడకి నచ్చింది.

ఇక ఇబ్బందులు. పాత పైపులు మూడంగుళాలవి ఉంటాయి. కుక్క వెంట్రుకలకి అవి చాలవు. నాలుగంగుళాల పైపు, దాని ముందు విప్పి కడుక్కునే జాలీ ఉన్న చాంబర్ వేయించాల్సిందే. ఆ ఖర్చు మీదా ఓనరుదా అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి, నోటి మాట మీద వదలొద్దు. గోడలు పగలగొట్టనివ్వరు. పక్కింటివాళ్లు మొదటి నెల నవ్వుతారు, రెండో నెల నుంచి మొరుగుడు గురించి అడుగుతారు. రాత్రి కుక్కల్ని ఉంచుకోవాలనుకుంటే ఉమ్మడి గోడ వైపు గదిని మాత్రం అందుకు వాడొద్దు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఎత్తు. బెజవాడలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి చాలా పాత ఇళ్లు గుంటలో పడ్డాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఇల్లు చూసినప్పుడు ఆ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయని ఓనర్ని కాదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని అడగండి. ఆయన గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తాడు. ఎక్కడ చూపించినా సరే, ప్లగ్ పాయింట్లు, ఇన్వర్టర్, ఫ్రిజ్ దానికి పైనే ఉండాలి. కేజ్‌లు ఎత్తలేం కాబట్టి, నడుం దాకా వచ్చిందంటే ఆ ఇల్లు నేనైతే వదిలేస్తాను.

సొంత స్థలం

స్థలం ఉంటే అదృష్టమే, కానీ వెంటనే కట్టేయమని నేను చెప్పను. మొదటి క్లినిక్ నడిపితే గానీ మీ ప్రాక్టీసు ఎలాంటిదో మీకే తెలియదు. కొందరికి పిల్లులు ఎక్కువ వస్తాయి, కొందరికి సర్జరీలు. ఊరి చివర పెడితే గేదెలు, మేకలు, సంక్రాంతికి రెండు నెలల ముందు నుంచి పందెం కోళ్లు కూడా వస్తాయి. (కోళ్లతో వచ్చేవాళ్లు గ్లాసు తలుపుల వంక చూడరు. కోడికి బలం వస్తుందా రాదా, అంతే.) గేదెలకి బయట పాకలో ట్రావిస్ (కదలకుండా నిలబెట్టే చట్రం) కావాలి, ఫ్రిల్స్ ఉన్న రిసెప్షన్ కాదు.

కట్టేటప్పుడు మాత్రం రెండు సంగతులు మేస్త్రికి వదలొద్దు. మొదటిది బేస్‌మెంట్ ఎత్తు. రోడ్డుకి రెండున్నర అడుగులు పైన ఉంటే వరదకి మంచిది. కానీ నడవలేని కుక్కని స్ట్రెచర్ మీద తేవాలంటే ర్యాంప్ కావాలి. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు అనుకుంటే, రెండున్నర అడుగులకి ముప్పై అడుగుల ర్యాంప్! రెండు వందల గజాల్లో అది ముందు వైపు పట్టదు. పక్క గోడ వెంబడి మలుపు తిప్పి తీసుకెళ్లాలి, పనిలో పని దాన్ని ఐసోలేషన్ గుమ్మానికీ కలపొచ్చు. రెండోది పడమర గోడ. మే నెలలో 45 డిగ్రీల ఎండలో సాయంత్రం నాలుగింటికి ఆ గోడ పొయ్యిలా ఉంటుంది. దాని వైపు స్టోరు, మెట్లు, బాత్రూములు పెట్టండి. కేజ్‌లు పెట్టొద్దు. పగ్గులు, బుల్‌డాగుల లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి వేడిలో ఊపిరి ఆడదు, వడదెబ్బ తగిలి వచ్చినదాన్ని మళ్లీ వేడి గదిలో పెట్టినట్టవుతుంది. వాస్తు చూపించుకునేవాళ్లు సిద్ధాంతి గారిని పైపులు వేయకముందే పిలవండి. వేశాక వచ్చి ఆయన నీళ్లు ఈశాన్యం అంటే గొడవ.

నేల సంగతి

జూనియర్లు దీని మీద ఎక్కువ ఖర్చు పెట్టాలి, కానీ తక్కువ ఆలోచిస్తారు. నేనూ అంతే. ఒక కాంట్రాక్టరు ఎపాక్సీ (నేల మీద పోసే రెజిన్ పూత) చూపించి "సార్, అతుకే ఉండదు, ఆపరేషన్ థియేటర్లలో ఇదే" అన్నాడు. నిజమే, వేసిన రోజు అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి బుడగలు లేచాయి. ఆ తర్వాత ఆరు నెలలకి కేజ్ కాలు కింద నుంచి అట్టలాగా ఊడొచ్చింది, కింద తడి. కృష్ణ ఒడ్డున గ్రౌండ్ ఫ్లోర్‌లో భూమిలోంచి చెమ్మ పైకి వస్తుంది. ఎపాక్సీ దాన్ని బయటికి పోనివ్వదు, అది ఎపాక్సీని పైకి నెడుతుంది. ముందే తెలుసుకునే పద్ధతి తేలిక. ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ షీటుని నేల మీద పరిచి నాలుగు పక్కలా టేపు వేసి మర్నాడు పొద్దున్న లేపి చూడండి. కింద నీటి ముత్యాలు కనిపిస్తే ఆ గదికి ఎపాక్సీ వద్దు. పై అంతస్తు స్లాబు మీదైతే నిక్షేపంగా వేసుకోవచ్చు.

పాత ఇళ్లలో మాచర్ల నాపరాళ్లు, తాండూరు బండలు ఉంటాయి. చల్లగా ఉంటాయి, కుక్కలకి ఎంతో ఇష్టం. జనం కూర్చునే వరండాలో అలాగే ఉంచేయండి. కానీ అవి సున్నపురాయి జాతి, మూత్రాన్ని పీలుస్తాయి. యాసిడ్ పోస్తే పై నునుపు పోయి ఇంకా పీలుస్తాయి. సందుల్లో సిమెంటు ఊడిపోయి ఉంటే పార్వో అక్కడే కాపురం పెడుతుంది. ట్రీట్‌మెంట్ రూమ్‌కీ ఐసోలేషన్‌కీ ఇవి పనికిరావు.

మెరిసే విట్రిఫైడ్ టైల్స్ మా దగ్గర ఎందుకు వద్దంటానంటే, ఒక పదేళ్ల లాబ్రడార్ గుర్తొస్తుంది. తుంటి కీళ్లు అరిగాయి. గుమ్మం దాకా తోకాడిస్తూ వచ్చింది. టైల్ మీద ముందు కాళ్లు పెట్టగానే గోళ్లు జర్రుమన్నాయి, వెనక కాళ్లు రెండూ రెండు పక్కలకి విడిపోయాయి. అక్కడే కూలబడి మళ్లీ లేవనంది. వాళ్లబ్బాయి దుప్పటి పరిస్తే దాని మీద నడిచింది. ఇప్పటికీ ఆ కుక్క మా గుమ్మం చూస్తే వణుకుతుంది. అలా అని పార్కింగ్ టైల్స్ వేస్తే ఇంకో బాధ. ఆ గీతల్లో వెంట్రుకలు, మలం ఇరుక్కుంటాయి, బ్రష్షుతో గీకాలి.

మధ్యే మార్గం మ్యాట్ ఫినిష్ పెద్ద సైజు విట్రిఫైడ్. సందులు సన్నగా పెట్టి సిమెంటు గ్రౌట్ కాకుండా ఎపాక్సీ గ్రౌట్ నింపాలి. గ్రౌట్ ఖరీదు ఎక్కువని మేస్త్రి గొణుగుతాడు, వినొద్దు. గోడా నేలా కలిసే మూలని గుండ్రంగా తిప్పించండి, మాపు అక్కడిదాకా వెళ్తుంది. ఆపరేషన్ గదికి మాత్రం అతుకులు వెల్డింగ్ చేసి గోడ మీదికి అరడుగు మడిచే హాస్పిటల్ వినైల్ షీటు బాగుంటుంది, కింద చెమ్మ లేకపోతేనే సుమా. వాలు మామూలు గదుల్లో ఎనిమిది అడుగులకి అంగుళం, కేజ్‌ల గదిలో నాలుగు అడుగులకి అంగుళం. వేసవిలో వాడని నహానీల్లో నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ కంపు వస్తుంది. రోజూ ఒక చెంబుడు పోయమని మా ఆయమ్మకి పని అప్పగించాను. గుంటూరు నల్లరేగడిలో కట్టేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, నేల కింద ఇసుకా గ్రావెలూ సరిగా నింపకపోతే ఎంత ఖరీదైన టైల్ అయినా మధ్యకి చీలుతుంది.

పిల్లుల కోసం

విజయవాడలో పిల్లుల్ని పెంచేవాళ్లు బాగా పెరిగారు. చాలామంది వాటిని కూరగాయల బుట్టలో పెట్టి, పైన చున్నీ కట్టి తెస్తారు. ఆ బుట్టని నేల మీద పెడితే జర్మన్ షెపర్డ్ ముక్కు నేరుగా దాని మీదికే వస్తుంది. పిల్లులకి వేరే వెయిటింగ్ గది ఉంటే మంచిదే. లేనప్పుడు గోడకి నడుం కన్నా ఎత్తులో అలమరా బల్ల కొట్టించి, మధ్యలో అడ్డపలకలు పెడితే బుట్టలు పైన ఉంటాయి, ఒకదాన్నొకటి చూసుకోవు. దానికి కాస్త ప్లైవుడ్ సరిపోతుంది, కానీ గది కట్టినంత ఫలితం. స్థలం లేనివాళ్లకి ఇంకా చవకైన దారి టైమ్ విడదీయడం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పిల్లులకే.

శబ్దం మనం అనుకున్నదాని కన్నా వాటిని ఎక్కువ బాధిస్తుంది. మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్కది దాదాపు 45 వేలు, పిల్లిది 64 వేల దాకా వెళ్తుంది. జిప్సం పార్టిషన్ లోపల శబ్దాన్ని ఆపే రాక్‌వూల్ నింపకుండా వేస్తే అవతల మొరిగిన ప్రతిదీ ఇవతల పిల్లి వింటుంది.

కేజ్‌లు, మిగతావి

కుక్కల కేజ్‌లని ఎదురెదురుగా పెట్టొద్దు. ఒకటి మొరిగితే అన్నీ మొదలుపెడతాయి. ఇటుకతో కట్టి టైల్ వేసిన అరలు చవక, కానీ సందులు కడగలేక నేను విసిగిపోయాను. స్టీల్ కేజ్‌లు ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. 304 గ్రేడ్ అని బిల్లులో రాయించుకోండి. తక్కువ రకం 202 కూడా చూడటానికి అలాగే మెరుస్తుంది, అయస్కాంతానికి రెండూ సరిగా అంటవు. క్లోరిన్ తగిలిన ఏడాదిలోపే 202 మీద తుప్పు చుక్కలు వస్తాయి. 304 అయినా హైపోక్లోరైట్ వాడాక మంచినీళ్లతో కడగాల్సిందే.

ఎక్స్-రే పెట్టేవాళ్లకి షట్టర్లలోని నాలుగంగుళాల గోడలు చాలవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సీసం రేకు వేసిన తలుపు ఉండాలి, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ముందే చూసుకోవాలి. పాత ఇళ్లకి ఇక్కడా కలిసొస్తుంది, వాటి గోడలు మందం. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు మనకీ వర్తిస్తాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలకి, 48 గంటల్లోపు బండి వచ్చి తీసుకెళ్లడానికి వీలుగా వెనక వైపు నీడలో చోటు వదలండి. స్ప్లిట్ ఏసీ గాలిని చల్లబరుస్తుందే గానీ మార్చదు. ప్రతి గదికీ బయటికి తోసే ఫ్యాను వేరే ఉండాలి. మత్తుకి వాడే ఐసోఫ్లురేన్ ఆవిరి గాలి కన్నా బరువు, కాబట్టి ఆపరేషన్ గదిలో ఎగ్జాస్ట్ పైన ఒక్కటే పెడితే సరిపోదు.

నన్నడిగితే, చేతిలో డబ్బు తక్కువ, చదువు అయి రెండేళ్లే అయినవాళ్లకి షట్టరే. కానీ అంటుజబ్బు కుక్కల్ని ఇంటికే వెళ్లి చూడాలి, లోపలికి రానివ్వొద్దు. సర్జరీలు చేస్తానంటే పెరటి గుమ్మం ఉన్న పాత ఇల్లు, కిరాణా కొట్టాయన చెయ్యి మోకాలి కింద చూపించిన చోట. సొంత స్థలంలో కట్టడం నాలుగైదేళ్ల తర్వాతి మాట.

ఫోన్ చేసిన ఆ జూనియర్ చివరికి కానూరు ఇల్లే తీసుకున్నాడు. త్రీడీ బొమ్మలోని ఆకుపచ్చ గోడ కూడా వేయిస్తానన్నాడు, సరే అన్నాను. ఈ వారం వంటగదిలో పాత నేల తవ్వి వాలు వేస్తున్నారు. టైల్స్ అంటించకముందు ఒకసారి వచ్చి చూడమన్నాడు. శనివారం గోలీ తీసుకుని వెళ్లాలి.